ఎరుకల సోది

ఎరుకల సోది అనేది ఎరుకల తెగ స్త్రీలు దేవతలను తలచుకుని, అడిగినవారి గతాన్నీ రాబోయే మంచిచెడులనూ చెప్పే సంప్రదాయ వృత్తి. నెల్లూరు తీరంతో పాటు తెలుగు నేలంతటా ఇది వ్యాపించింది.

19వ శతాబ్దంలో ఎరుకలవారు తీరప్రాంతపు ఉప్పును గాడిదలు, ఎద్దుల మీద లోతట్టు ఊళ్లకు చేరవేసి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవారు. రైళ్ల రాక, ప్రభుత్వ ఉప్పు విధానం ఆ బేరాన్ని దెబ్బతీశాయి. బుట్టల అల్లకం, సోది జీవనాధారాలుగా మిగిలాయి.

సోది చెప్పే స్త్రీ వెంట బుట్ట, చేట, పొట్టి కర్ర ఉంటాయి. ఎదుటివారి అరచేతిని కర్రతో తాకుతూ, కంచి కామాక్షి, మధుర మీనాక్షి వంటి దేవతలను పిలుస్తూ రాగయుక్తంగా పలుకుతుంది. జబ్బుకు గ్రామదేవత ఆగ్రహమో చేతబడో కారణమని చెప్పడమూ ఉంది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన ఏడు సంపుటాల గ్రంథంలో ఎరుకలవారి వివరాలున్నాయి.

ఎరుకలవారి వంటి తెగలపై నేరస్థుల ముద్ర వేసిన 1911 నాటి నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. దాని కింద కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఎరుకలవారి సెటిల్‌మెంటు నడిపింది. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది.

పద్మావతీ శ్రీనివాసుల కథలో స్వామి సోది చెప్పే ఎరుకలసాని వేషం వేస్తాడు. యక్షగానాల్లోనూ ఈ పాత్ర ప్రసిద్ధం.