లైప్‌జిగ్ పెద్దలు పెట్టిన పరీక్ష

ఈ వారం ఒక చరిత్ర సంగతి చెప్పుకుందాం.

సంఘంలో గాయక బృందాన్ని నడిపించడమంటే ఏమిటో మనకు తెలుసు. అయితే ఆ పనిలోనే డాక్టరేటు చేయవచ్చని మనలో చాలామంది విని ఉండరు. అమెరికా విశ్వవిద్యాలయాలలో ‘కోరల్ కండక్టింగ్’ అనే పేరుతో ఈ చదువు ఉంది. దరఖాస్తు చేసేవారికి సాధారణంగా అప్పటికే మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. ఇంతవరకు ఏయే కృతులను నడిపించారో జాబితా, సిఫారసు ఉత్తరాలు, వీడియో పంపాలి. ఆ వీడియోలో కెమెరా నడిపించేవాని ముఖం వైపు ఉండాలి. కచేరీ ఒక్కటే చాలదు, రిహార్సల్ కూడా చూపించమంటారు. తప్పు పాడుతున్న గుంపును అతడు ఎలా సరిదిద్దుతాడో అక్కడే కదా బయటపడేది! వడపోతలో నిలిచిన కొద్దిమందిని పిలిచి, ముఖపరిచయం లేని బృందం ఎదుట నిలబెట్టి, కొన్ని నిమిషాల సమయం ఇస్తారు. ఆపైన స్వరజ్ఞానం, సంగీత చరిత్ర, లాటిన్, జర్మన్ ఉచ్చారణ, ఇంటర్వ్యూ ఉంటాయి.

ఈ పద్ధతి నిన్న మొన్నటిదనుకోకండి. ఆ అభ్యర్థులు తమ జాబితాలో తప్పక వ్రాసుకునే పేరు జోహాన్ సెబాస్టియన్ బాహ్. ఆ బాహ్ కూడా ఒకప్పుడు ఇలాగే దరఖాస్తుదారుడై నిలబడ్డాడు.

1722 జూన్‌లో జర్మనీలోని లైప్‌జిగ్ పట్టణంలో తోమా దేవాలయపు కాంటర్ యోహాన్ కూనౌ మరణించాడు. కాంటర్ అంటే పట్టణంలోని ముఖ్య దేవాలయాల సంగీతానికి బాధ్యుడు. అంతే కాదు, తోమా పాఠశాలలో ఉపాధ్యాయుడు కూడా. అబ్బాయిలకు పాట నేర్పాలి, లాటిన్ చెప్పాలి, వంతు వచ్చినప్పుడు హాస్టల్‌లో వారిని కనిపెట్టుకొని ఉండాలి. కూనౌ న్యాయశాస్త్రం చదివినవాడు, చాలా భాషలు తెలిసినవాడు. అలాంటివాని కుర్చీ అది.

పట్టణ సభ మొదట ఎన్నుకున్నది టెలెమాన్‌ను. ఆయన అంతకుముందే హాంబర్గ్‌లో ఉద్యోగంలో ఉన్నాడు. హాంబర్గ్ వారు జీతం పెంచగానే అక్కడే ఉండిపోయాడు. తరువాత గ్రౌప్నర్ వచ్చి 1723 జనవరిలో పరీక్ష ఇచ్చాడు. సభవారికి నచ్చాడు గాని, ఆయన కొలువు చేస్తున్న ప్రభువు విడిచిపెట్టలేదు. (ఈ గ్రౌప్నరే తరువాత బాహ్ గురించి మంచి మాట చెబుతూ లైప్‌జిగ్‌కు ఉత్తరం వ్రాశాడు. చేజారిన ఉద్యోగం మరొకరికి దక్కుతుంటే అలా వ్రాసేవారు ఎందరు?)

బాహ్ పరీక్ష 1723 ఫిబ్రవరి 7న, ఆదివారం ఆరాధనలో జరిగింది. తాను స్వరపరచిన రెండు కాంటాటాలు, అనగా వాక్యం మీద కట్టిన ఆరాధన కృతులు, వినిపించాడు. పాడినవారు తాను తర్ఫీదు ఇచ్చిన పిల్లలు కారు. విన్నవారు సంఘమంతా. ఇప్పటి అభ్యర్థికి గదిలో నలుగురు ప్రొఫెసర్లు ఉంటారు. బాహ్‌కు ఒక దేవాలయం నిండా జనం!

అప్పటికి ఆయనకు ముప్పై ఏడేళ్ళు. పదేళ్ళ వయస్సుకే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నవాడు. విశ్వవిద్యాలయంలో చదువలేదు. ఇరవై ఏళ్ళ వయస్సులో బుక్స్‌టెహూడే సంగీతం వినడానికి ఆర్న్‌స్టాట్ నుండి ల్యూబెక్‌కు, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం, కాలినడకన వెళ్ళినట్టు చెబుతారు. ఆయన పట్టా అదే అనుకోవచ్చు.

ఆ ఏప్రిల్‌లో జరిగిన సభలో ప్లాట్జ్ అనే సభ్యుడు, శ్రేష్ఠులు దొరకనప్పుడు మధ్యరకం వారితో సరిపెట్టుకోవాలి అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఈ మాట చదివి లోకం నవ్వుతూనే ఉంది. నాకైతే ఆయన మీద కొంత జాలి ఉంది. సభవారు సంగీత విద్వాంసుని కోసం మాత్రమే వెదకలేదు, పిల్లలకు చదువు చెప్పే గురువు కావాలనుకున్నారు. బాహ్ లాటిన్ పాఠాల బాధ్యత ఒప్పుకొన్నాడు గాని, తరువాత ఏడాదికి యాభై తాలర్లు తన జేబులోనుండి ఇచ్చి మరొక ఉపాధ్యాయుని చేత చెప్పించుకున్నాడు. ప్లాట్జ్ భయం పూర్తిగా తప్పు కాదన్నమాట.

ఏప్రిల్ 22న బాహ్‌ను ఎన్నుకున్నారు. పని అయిపోలేదు. మే నెలలో వేదాంత పరీక్ష జరిగింది. లూథరన్ విశ్వాస ప్రమాణాల మీద సంతకం చేశాడు. నేటి దరఖాస్తులో ఈ భాగం ఉండదు. మే 22న నాలుగు బండ్ల సామానుతో, రెండు గుర్రపు బగ్గీలలో కుటుంబంతో లైప్‌జిగ్ చేరాడు. ఆ రాకను ఒక పత్రిక వార్తగా వేసింది. మే 30న నికోలస్ దేవాలయంలో తొలి ఆదివారపు కాంటాటా వినిపించాడు. అది ఇరవై రెండవ కీర్తనలోని మాటతో మొదలవుతుంది.

ఇంతకూ ఆయన ఎందుకు వచ్చాడు? కోతెన్‌లో రాజకుమారుని ఆస్థాన సంగీతాధిపతిగా గౌరవంగా బ్రతుకుతున్నవాడు. 1730లో తన చిన్ననాటి స్నేహితుడు ఎర్డ్‌మాన్‌కు వ్రాసిన ఉత్తరంలో కారణం చెప్పాడు. ఆస్థానాధిపతి కాంటర్ కావడం మొదట తగినదిగా అనిపించలేదట, అందుకే మూడు నెలలు తేల్చుకోలేకపోయాడట. కాని కొడుకులు చదువు వైపు మొగ్గుతున్నారు, లైప్‌జిగ్‌లో విశ్వవిద్యాలయం ఉంది. తనకు దక్కని చదువు పిల్లలకు దక్కాలని తండ్రి ఒక మెట్టు దిగాడు. మన ఊళ్ళలో ఇలాంటి తండ్రులు మీకు తెలియదా?

అదే ఉత్తరంలో ఇంకొక సంగతి ఉంది. ఆయన రాబడిలో కొంత సమాధి కార్యక్రమాల పాటల నుండి వచ్చేది. గాలి ఆరోగ్యంగా వీచిన ఏడాది చావులు తగ్గి, తన ఆదాయం వంద తాలర్లకు పైగా పడిపోయిందని వ్రాసుకున్నాడు. దీనికి నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఆ ఏడాదే ఆగస్టులో సభకు ఒక విన్నపం పంపాడు. పాఠశాల పిల్లల్లో పదిహేడు మంది పనికి వస్తారు, ఇరవై మంది ఇంకా తయారు కావాలి, పదిహేడు మంది అసలు పనికిరారు అని లెక్క చెప్పాడు. పిల్లలను చేర్చుకునేటప్పుడు గాత్రం చూడడం లేదన్నది ఆయన బాధ. కాంటర్ పని చేయడం లేదన్నది సభవారి బాధ.

1733లో ఆయన సొంతం చేసుకున్న కాలోవ్ బైబిలు వ్యాఖ్యానం నేడు అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, కాంకోర్డియా సెమినరీలో ఉంది. 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయం దగ్గర బాహ్ తన చేతితో ఒక గమనిక వ్రాశాడు. దేవునికి ఇష్టమైన సంగీతానికి ఈ అధ్యాయమే నిజమైన పునాది అని దాని భావం. ఆసాపు, హేమాను, యెదూతూను కుమారులను నియమించిన అధ్యాయం అది. పాటలో ప్రవీణులు 288 మంది. గురువు, శిష్యుడు అనే భేదం లేకుండా చీట్లు వేసి వంతులు పంచుకున్నారు.

1749 జూన్‌లో, బాహ్ బ్రతికి ఉండగానే, ఆయన తరువాత ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో చూడడానికి సభవారు హారెర్ అనే వ్యక్తికి పరీక్ష పెట్టారు. అది దేవాలయంలో కాదు, ‘మూడు హంసలు’ అనే సత్రంలోని కచేరీ గదిలో జరిగింది. బాహ్ ఆ తరువాత ఇంకొక ఏడాదికి పైగా అదే పనిలో ఉండి, 1750 జూలై 28న కన్నుమూశాడు. ఆ కుర్చీ హారెర్‌కే దక్కింది.