మలుగు చేపల బల్లెపు వేట: గురి పెట్టినప్పటి నుంచి ప్రాణం పోయే వరకు

తల తెగిన తరువాత కూడా మలుగు చేప మొండెం చాలాసేపు మెలికలు తిరుగుతూనే ఉంటుంది. అది ఇంకా బాధపడుతోందని చూసేవారు అనుకుంటారు. అయితే ఆ కదలికలను నడిపించేది వెన్నుపాము మాత్రమే. స్పృహ అనేది మిగిలి ఉంటే, అది పక్కన కదలకుండా పడి ఉన్న తలలోనే ఉంటుంది. తల నరికినంత మాత్రాన మలుగుకు తక్షణ మరణం సంభవించదని 1997లో ప్రచురితమైన నెదర్లాండ్స్ శాస్త్రవేత్తల పరిశోధన నిరూపించింది. అందువల్ల ఈ చేపను బల్లెంతో వేటాడేవారు ఇతర చేపల విషయంలో అలవాటైన పద్ధతులపై ఆధారపడటం సరికాదు.

ఆంగ్లంలో ‘ఈల్’ అని పిలిచే ఈ చేపకు తెలుగులో మలుగు, మలుగుపాము అనే పేర్లు ఉన్నాయి. రూపం పామును పోలి ఉన్నా ఇది మొప్పలు, రెక్కలు గల చేప. గోదావరి జిల్లాల్లో పులుసుకు పేరొందిన బొమ్మిడాయి చూపుకు దీనిలాగే ఉంటుంది గానీ, శాస్త్రీయంగా వేరే వర్గానికి చెందినది. మలుగు నీటిలో మొప్పల ద్వారా, తడి నేలపై కొంతవరకు చర్మం ద్వారా కూడా శ్వాసిస్తుంది. ఒడ్డున వదిలేస్తే మిగిలిన చేపల్లా త్వరగా చనిపోకపోవడానికి ఇదే కారణం.

న్యూజిలాండ్ ఉదాహరణ

మలుగుల బల్లెపు వేట నేటికీ కొనసాగుతున్న దేశాల్లో న్యూజిలాండ్ ఒకటి. అక్కడి మావోరీ ప్రజలు మలుగును ‘తునా’ అంటారు. వలపన్నులు, బుట్టలతో పాటు పలు మొనలున్న ‘మతరౌ’ అనే బల్లెం కూడా వారి సంప్రదాయ సాధనాల్లో ఉంది. మలుగులు రాత్రివేళ ఆహారం కోసం సంచరిస్తాయి. కనుక వేటగాళ్లు దీపం పట్టుకుని లోతు తక్కువ వాగుల్లో నడుస్తూ వాటిని వెదుకుతారు.

ఆ దేశపు నదుల్లో ప్రధానంగా రెండు జాతులు కనిపిస్తాయి. పొడవు రెక్క మలుగు న్యూజిలాండ్‌లో తప్ప మరెక్కడా లేదు. దీని సంఖ్య తగ్గుతోందని అక్కడి ప్రభుత్వం గుర్తించింది. పొట్టి రెక్క మలుగు ఆస్ట్రేలియాలోనూ ఉంటుంది.

గురి పెట్టే ముందు

గాలంతోనో బుట్టతోనో పట్టిన చేపను తిరిగి నీటిలో వదలవచ్చు. బల్లెం దిగిన చేపకు ఆ అవకాశం ఉండదు. కాబట్టి జాతిని, పరిమాణాన్ని ముందే నిర్ధారించుకోవాలి. పొడవు రెక్క మలుగులో వీపు రెక్క, పొట్ట కింది రెక్క కంటే బాగా ముందు నుంచే మొదలవుతుంది. పొట్టి రెక్క మలుగులో ఆ రెండూ దాదాపు ఒకే చోట ప్రారంభమవుతాయి. రాత్రి దీపపు వెలుగులో కూడా ఈ తేడాను పోల్చుకోవచ్చు. తేడా స్పష్టం కాకపోతే పొడవకుండా వదిలేయాలి.

పెద్ద మలుగును చూసి ఆశపడటం సహజమే. కానీ పెద్దవన్నీ సాధారణంగా ఆడవే. పొడవు రెక్క ఆడ మలుగు దశాబ్దాల పాటు నదిలో పెరుగుతుంది. కొన్ని 80 ఏళ్లకు పైగా జీవిస్తాయి. చివరకు అవి వేల కిలోమీటర్ల దూరంలోని ఉష్ణమండల పసిఫిక్ జలాలకు ప్రయాణించి, జీవితంలో ఒకే ఒక్కసారి గుడ్లు పెట్టి చనిపోతాయి. అంటే బల్లెం తగిలిన పెద్ద ఆడ మలుగు అప్పటివరకు ఒక్కసారి కూడా సంతానాన్ని ఇవ్వలేదన్నమాట. వాణిజ్య వేటలో 4 కిలోలు దాటిన మలుగులను తిరిగి నీటిలో వదలాలన్న నిబంధన ఇందుకోసమే. సొంత అవసరాలకు పట్టేవారికి రోజుకు 6 మలుగుల పరిమితి ఉంది. పొడవు రెక్క మలుగుల వాణిజ్య వేటను నిలిపివేయాలని ఆ దేశ పార్లమెంటరీ పర్యావరణ కమిషనర్ జాన్ రైట్ 2013లో సిఫారసు చేశారు.

పొడిచిన తరువాత

బల్లెం దేహం మధ్యలో దిగితే మలుగు చనిపోదు. అది బల్లెం కర్రను, వేటగాడి చేతిని చుట్టుకుంటుంది. పెనుగులాటలో తనను తాను చీల్చుకుని జారిపోతే, ఆ గాయంతోనే నీటిలో మెల్లగా చనిపోతుంది. అందువల్ల తలపై గురి కుదిరే దూరం నుంచే పొడవాలి. అది కుదరకపోతే ఆగడం మంచిది.

చేప చిక్కిన వెంటనే ఒడ్డుకు చేర్చి, గోనె సంచి వంటి గరుకు గుడ్డతో తల వెనుక గట్టిగా పట్టుకోవాలి. ఒట్టి చేతితో పట్టుకుంటే జిగురు వల్ల జారిపోతుంది. తరువాత కళ్లకు కాస్త వెనుక, నడినెత్తిపై బరువైన కర్రతో ఒకటి రెండు బలమైన దెబ్బలు కొట్టి స్పృహ తప్పించాలి. ఆలస్యం చేయకుండా అదే చోట పదునైన మేకు వంటి సాధనాన్ని దించి మెదడును ధ్వంసం చేయాలి. జపాన్ మత్స్యకారులు ‘ఇకెజిమె’ అని పిలిచే పద్ధతికి మూలసూత్రం ఇదే. రక్తం తీయడం, పొట్ట కోయడం ఆ తరువాతి పనులు.

స్పృహ పోయిందో లేదో తోక కదలికను బట్టి నిర్ణయించరాదు. మెదడు నాశనమైనా దేహం మెలికలు తిరగవచ్చు. ప్రాణం ఉన్న మలుగు కదలకుండా పడి ఉండనూ వచ్చు. మొప్పల కదలిక ఆగిందా, చేపను పక్కకు తిప్పినప్పుడు కళ్లు నిశ్చలంగా ఉన్నాయా అన్నవే పరిశీలించవలసిన గుర్తులు. సందేహం ఉంటే మరోసారి కొట్టాలి.

నివారించవలసిన పద్ధతులు

జిగురు వదిలించడానికి బతికున్న మలుగులను ఉప్పులో వేయడం ఐరోపాలో పాత అలవాటు. ఉప్పు చర్మాన్ని, మొప్పలను దహిస్తుండగా చేప చాలాసేపు కొట్టుకుంటుంది. జర్మనీ దీనిని నిషేధించింది. నెదర్లాండ్స్ 2018 నుంచి మలుగులను వధించే ముందు స్పృహ తప్పించడాన్ని తప్పనిసరి చేసింది. మంచులో వేయడం, ఒడ్డున వదిలేయడం కూడా మరణాన్ని సాగదీసేవే. తెలుగు ఇళ్లలో జిగురు చేపలను ఉప్పుతో, బూడిదతో రుద్ది శుభ్రం చేసే పద్ధతి మలుగుకూ పనికొస్తుంది. అయితే చేప చనిపోయిందని నిర్ధారించుకున్న తరువాతే అది చేయాలి.

వేటగాడి భద్రత

మలుగు పచ్చి రక్తంలో విషపదార్థం ఉంటుందని ఇటలీ శరీరధర్మ శాస్త్రవేత్త ఆంజెలో మోసో 1888లో గుర్తించారు. అది కంటిలో గానీ గాయంలో గానీ పడితే తీవ్రమైన మంట, వాపు కలుగుతాయి. బాగా ఉడికిస్తే ఆ విషం నశిస్తుంది.

సముద్రపు పగడపు దిబ్బల్లో నివసించే మోరే మలుగుల సంగతి వేరు. వాటి గొంతులో రెండో దవడల జత ఉంటుంది. అది ముందుకు వచ్చి ఎరను లోపలికి లాగుతుందని 2007లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. పైగా పెద్ద మోరేల మాంసంలో ‘సిగ్వాటెరా’ విషం పేరుకుపోయే ప్రమాదం ఉంది. వండినా అది పోదు. వాటిని వేటాడకపోవడమే క్షేమం.

చట్టం ఏమంటోంది

న్యూజిలాండ్ 1999 జంతు సంక్షేమ చట్టం ‘జంతువు’ నిర్వచనంలో చేపలను కూడా చేర్చింది. భారతదేశపు 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం మనిషి తప్ప ప్రతి ప్రాణీ జంతువే. కనుక మన నదుల్లోని మలుగు కూడా ఆ పరిధిలోకి వస్తుంది. ఆహారం కోసం చంపడానికి సెక్షన్ 11 మినహాయింపు ఇస్తోంది. అయితే ఆ క్రమంలో ప్రాణికి అనవసరమైన నొప్పి, బాధ కలిగిస్తే ఆ మినహాయింపు వర్తించదని అదే సెక్షన్ స్పష్టం చేస్తోంది.