నికోడెమస్: రైలు రాని ఊరు

అమెరికా నడిభాగంలో చెట్లు అరుదై, కనుచూపుమేర గడ్డి మాత్రమే పరుచుకొని ఉండే విశాల మైదానాలను ప్రెయిరీలు అంటారు. కాన్సాస్ రాష్ట్రపు వాయవ్య భాగంలో, అటువంటి మైదానంలో, సాలమన్ నది దక్షిణ పాయకు ఉత్తరాన ఉన్న నికోడెమస్‌లో నేడు కొద్ది కుటుంబాలే మిగిలాయి. అయినా బానిసత్వం నుంచి విముక్తి పొందిన నల్లజాతీయులు ఆ మైదానాల్లో నిర్మించుకొన్న పల్లెల్లో నేటికీ జనం నివసిస్తున్నవి ఎంత అరుదో తెలిస్తే, ఆ కొద్దిమంది ఉనికికే చరిత్రలో ఎంతో విలువ ఉందని అర్థమవుతుంది.

ఈ ఊరు పుట్టిన 1877లోనే దక్షిణాది రాష్ట్రాల నుంచి కేంద్ర సైన్యం వైదొలగి, నల్లజాతీయుల ఓటుకూ ప్రాణానికీ ఉన్న కొద్దిపాటి రక్షణ కూడా తొలగిపోయింది. అయిదేళ్లు నివసించి సాగు చేసినవారికి 160 ఎకరాల ప్రభుత్వ భూమి దక్కే 1862 నాటి హోంస్టెడ్ చట్టాన్ని ఆసరా చేసుకొని, భూవ్యాపారి డబ్ల్యు.ఆర్. హిల్, మతబోధకుడు డబ్ల్యు.హెచ్. స్మిత్ మరికొందరితో కలిసి కెంటకీ రాష్ట్రంలో ఈ కొత్త ఊరిని గురించి ప్రచారం చేయగా, వందలాది మంది ఎల్లిస్ అనే ఊరి దాకా రైలులో వచ్చి, అక్కడి నుంచి ఉత్తరంగా సుమారు 55 కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికి చేరారు. కలప దొరకని ఆ నేలలో వారు గట్టును తొలిచి, పైన గడ్డివేళ్లతో బిగిసిన మట్టిపెళ్లలు కప్పి, నేలమాళిగల వంటి ఇళ్లలో తలదాచుకొన్నారు. వేట నుంచి మరలుతున్న ఓసేజ్ అనే ఆదివాసీ తెగవారు ఆహారం పంచి ఇవ్వడం వల్లనే మొదటి చలికాలం గడిచిందని ఊరివారు తరతరాలుగా చెప్పుకొంటారు. తాము పోగొట్టుకొన్న నేల అంచున నిలిచి, ఆ తెగవారు కొత్తగా వచ్చినవారి ఆకలి తీర్చారన్న ఈ కథనం ఊరి చరిత్రకు తలమానికం.

1880ల నడుమకు చర్చీలు, బడి, దుకాణాలు, హోటలు, వార్తాపత్రికలు వెలిశాయి; ఇక్కడ స్థిరపడిన ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో కాన్సాస్ రాష్ట్ర ఆడిటరుగా ఎన్నికయ్యాడు. ఆ మైదానాల్లో ధాన్యం అమ్ముకోవడానికైనా, సరుకు తెచ్చుకోవడానికైనా రైలే దిక్కు గనుక, 1887లో ఊరివారు మిస్సోరి పసిఫిక్ కంపెనీని రప్పించేందుకు 16,000 డాలర్ల బాండ్లకు, అంటే పన్నుల ద్వారా తీర్చవలసిన ప్రజారుణానికి, ఓటు వేసి అంగీకరించారు. ఆ కంపెనీ రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ మార్గం నదికి అవతలి ఒడ్డున పడింది. వర్తకులు దుకాణాలను ఎత్తుకొని దాని పక్కన వెలసిన బోగ్ అనే ఊరికి తరలిపోయారు.

1930ల కరవు, ధూళి తుఫానులు మిగిలినవారిలోనూ చాలామందిని వెళ్లగొట్టగా, 1953లో తపాలా కార్యాలయం మూతపడింది. కాని ఈ క్షీణతను శ్రమలోపంగా చూడటం అన్యాయం. ఇంకొకరి భూమిలో వెట్టిచాకిరి చేసినవారు తమ పేరిట పట్టా పొందిన చోటు ఇది. కరిబియన్ దీవుల్లో బానిసత్వ రద్దుకు గుర్తుగా మొదలైన ఆగస్టు 1 నాటి ఉత్సవం నేడు జూలై చివర జరిగే పునస్సమాగమంగా మారి, వలసపోయినవారి సంతతిని ఏటా ఇక్కడికి రప్పిస్తున్నది. 1996లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందిన అయిదు కట్టడాల్లో రెండు చర్చీలు, ఒక బడి, ఒక పూర్వపు హోటలు, ఒక పురమందిరం ఉన్నాయి.