నెంబరు మనది, కంపెనీ వారిది

పూర్వము ఫోను కావలసినవాడు ఆఫీసు గడప త్రొక్కెడివాడు. నేడు ఫోను కంపెనీయే వాని గడప త్రొక్కుచున్నది. మన దేశములో టెలిఫోను చరిత్రను ఒక్క వాక్యములో చెప్పవలసివచ్చినచో ఇదియే ఆ వాక్యము. అయితే ఈ మార్పు ఎట్లు వచ్చినది, దానివలన లాభపడినదెవరు, ఆ లాభమునకు మూల్యము చెల్లించినదెవరు అను ప్రశ్నలు మిగిలియున్నవి. వానిని కొంచెము విచారించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

విచారణకు ఆలమూరు వంటి ఊరిని నిలుకడగా తీసికొందము. ఇది గౌతమీ గోదావరికి తూర్పుగట్టు వైపుననున్న మండల కేంద్రము. చిరకాలము తూర్పు గోదావరి జిల్లాలోనుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన కోనసీమ జిల్లాలో చేరినది. జొన్నాడ వంతెన దాటినచో ఆవలిగట్టున రావులపాలెము, అచ్చటి అరటిగెలల మార్కెట్టు. ఎగువకు పోయినచో కడియము నర్సరీలు. అరటి, కొబ్బరి, ధాన్యము, పూలమొక్కలు – ఈ వర్తకమంతయు మాటమీద నడచునది. ఇక ఈ సీమనుండి కువైటునకు, మస్కటునకు, దుబాయికి పనులకై పోయినవారు అనేకులు. వారి పిలుపుకొరకు ఇంటివారు ఎదురుచూచుచుందురు. ఇట్టిచోట ఫోను నెంబరనగా పది అంకెల వరుస మాత్రమే కాదు. అది ఇంటి చిరునామా, అంగడి బోర్డు, దూరదేశపు బిడ్డకు తల్లి గుర్తు. దానిని వదలుకొనుట సులభము కాదు. కంపెనీలకు ఈ రహస్యము మొదటినుండియు తెలియును.

సెల్‌ఫోను రాకముందు మన ఊళ్లలో టెలిఫోను ప్రభుత్వ గుత్తసొత్తుగా నుండెను. దరఖాస్తు పెట్టి సంవత్సరములు వేచియుండుట సామాన్య విషయము. పొరుగూరికి మాటలాడవలెనన్నను ట్రంకుకాల్ బుక్కుచేసి, అది ఎప్పుడు కలియునో తెలియక తపాలా కార్యాలయపు బల్లపై కూర్చుండెడివారు. 1984లో సీ-డాట్ సంస్థ ఏర్పడి గ్రామములకు తగిన చిన్న ఎక్స్‌ఛేంజీలను రూపొందించుటయు, తరువాత వీధివీధిన ఎస్.టి.డి. బూతులు వెలయుటయు ఆ కష్టమును కొంత తీర్చెను. కాని సేవ అందించువాడు మాత్రము ఒక్కడే. అలిగి పోవుటకు రెండవ గడప లేదు.

రెండవ గడప ఏర్పడినంతమాత్రమున సమస్య తీరునా? అమెరికా చరిత్ర ఇచ్చట మనకు పాఠము చెప్పుచున్నది. 1893, 1894 సంవత్సరములలో బెల్ కంపెనీవారి ముఖ్యమైన పేటెంట్లు గడువు తీరగానే అచ్చట ఊరూర క్రొత్త టెలిఫోను కంపెనీలు పుట్టెను. అయితే ఒక కంపెనీ తీగ మరియొక కంపెనీ తీగతో కలియదు. అందుచే వర్తకుడు తన దుకాణములో రెండు ఫోనులను ప్రక్కప్రక్కన పెట్టుకొనవలసివచ్చెను. పోటీ కలిగినది, తెరపి కలుగలేదు. 1913లో బెల్ వ్యవస్థవారు ఇతర కంపెనీలకు తమ దూరపు లైన్లతో సంబంధము కల్పించుటకు ప్రభుత్వమునకు మాటయిచ్చిన పిమ్మటగాని ఆ చిక్కు సడలుటకు ఆరంభించలేదు.

మరల 1984లో ఆ మహాసంస్థ విడిపోయిన తరువాత దూరపు కాల్స్ కొరకు పెద్ద పోటీ చెలరేగెను. 1990ల దశకములో ఎ.టి. అండ్ టి., ఎం.సి.ఐ. వంటి కంపెనీలు ఎదుటివారి ఖాతాదారులకు తపాలాలో చెక్కులు పంపుచుండెడివి. చెక్కుపై సంతకముచేసి బ్యాంకులో వేసినచో, ఆ సంతకమే కంపెనీ మారుటకు అంగీకారము. కొందరు ఏజెంట్లు ఆ సంతకముకూడ లేకయే, ఖాతాదారునికి తెలియకుండ, కంపెనీని మార్చివేసిరి. ఫిరాయింపునకు బహుమానమిచ్చు ఆచారము మనవారు కనిపెట్టినది కాదని శ్రోతలు గ్రహింతురుగాక.

ఇక మన కథకు వత్తము. 1995 జూలై 31వ తేదీన పశ్చిమ వంగ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాముతో మాటలాడుటతో దేశములో సెల్‌ఫోను యుగము ఆరంభమైనది. ఆంధ్రప్రదేశ్ సర్కిలులో మొదట ఇరువురికే లైసెన్సు లభించెను: ఒకటి టాటా సెల్యులార్, రెండవది జె.టి. మొబైల్స్. కాలక్రమమున మొదటిది ఐడియాగాను, రెండవది ఎయిర్‌టెల్‌గాను మారినవి. ఆ తొలిదినములలో నిమిషమునకు రేటు 16 రూపాయలవరకు నుండెను. మనకు వచ్చిన కాల్‌కుకూడ మనమే చెల్లించవలెను. ఇరువురే పోటీదారులైనచోట పోటీ పేరునకు మాత్రమే. ఆ ఫోను కాంట్రాక్టరు జేబులో మెరసినదేగాని కౌలురైతు చేతికి రాలేదు.

1999 నాటి నూతన టెలికాం విధానము కంపెనీలపై నున్న స్థిర లైసెన్సు రుసుమును తొలగించి, ఆదాయములో వాటా తీసికొను పద్ధతిని పెట్టెను. 2000 అక్టోబరు 1న బి.ఎస్.ఎన్.ఎల్. ఏర్పడెను, 2002లో అది సెల్‌ఫోను రంగమున ప్రవేశించెను. 2003 మే నెలనుండి వచ్చు కాల్స్ ఉచితమయ్యెను. ఆ సంవత్సరమే రిలయన్సువారు 501 రూపాయలు ముందు చెల్లించినచో ఫోను చేతికిచ్చి, మిగిలినది నెలనెలకు రాబట్టు పథకమును ప్రకటించిరి. అటుపిమ్మట వీధికూడళ్లలో రంగురంగుల గొడుగులు వెలసెను. వాని క్రింద ఒక బల్ల, బల్లమీద సిమ్ముల పెట్టె, ప్రక్కన ఒక కుర్రవాడు. సిమ్ము ఉచితము, దానిలో కొంత మాటకాలము ఉచితము.

2009లో టాటా డొకొమోవారు సెకనుకు ఒక పైస చొప్పున లెక్కకట్టుదుమని చాటిరి. అంతవరకు మూడు సెకనులు మాటలాడినను నిమిషము డబ్బు పోయెడిది. ఆ నష్టమును తప్పించుకొనుటకే కదా మనవారు మిస్డ్ కాల్ అను సంకేతభాషను నిర్మించుకొనిరి! ఒక కంపెనీ సెకను లెక్కకు దిగగానే తక్కినవియు దిగకతప్పలేదు. నిజమైన పోటీ చేయు మేలు ఇట్టిది: ఒకడు తగ్గించినచో, ఆ తగ్గింపు వాని ఖాతాదారునికే కాక అందరికిని అందును.

అయినను ఒక లోపము మిగిలెను. కంపెనీ మారవలెనన్న నెంబరు మారవలెను. అందుచే మనవారు పాతసిమ్మును వదలక, క్రొత్తసిమ్మును చేర్చుకొనిరి. రెండు సిమ్ముల ఫోనులు వాడుకలోనికి వచ్చెను. పాతది పిలుపులు అందుకొనుటకు, క్రొత్తది చౌకగా పిలుచుటకు. నూరేండ్లకు పూర్వము అమెరికా వర్తకుని దుకాణములోనున్న రెండు ఫోనులు ఇప్పుడు మన రైతు చొక్కాజేబులో ఒక్క ఫోనుగా అమరినవన్నమాట.

ఈ లోపమును తీర్చినది నెంబరు మార్చకుండ కంపెనీ మార్చుకొను సదుపాయము. సింగపూరులో 1997లోను, బ్రిటనులో 1999లోను, అమెరికాలో సెల్‌ఫోనులకు 2003 నవంబరులోను ఇది అమలులోనికి వచ్చెను. మన దేశమున 2010 నవంబరు 25న హర్యానాలో ఆరంభమై, 2011 జనవరి 20 నాటికి దేశమంతట వ్యాపించెను. 2015 జూలైనుండి ఒక సర్కిలునుండి మరియొక సర్కిలునకు పోయినను నెంబరు నిలుపుకొనవచ్చునన్నారు. రాష్ట్రము రెండుగా విడిపోయినను టెలికాం లెక్కలో ఆంధ్ర, తెలంగాణములు ఇప్పటికిని ఒకే సర్కిలు.

పద్ధతి ఇది. ఫోనునుండి పోర్ట్ అను మాటను, నెంబరును ఆంగ్లాక్షరములలో వ్రాసి 1900కు సందేశము పంపవలెను. ఎనిమిది అక్షరముల సంకేతము వచ్చును. దానిని, గుర్తింపు పత్రమును క్రొత్తకంపెనీవారికి చూపవలెను. పాతకంపెనీలో కనీసము 90 దినములు ఉండవలెను. బిల్లు బాకీ ఉండరాదు. రుసుము మొదట 19 రూపాయలకు మించరాదనిరి. 2018లో దానిని 4 రూపాయలకు తగ్గించిరి. అన్నిటికంటె ముఖ్యమైన సంస్కరణము 2019 డిసెంబరులో జరిగెను. అంతకుముందు ఆ సంకేతమును ఇచ్చునది మనము వదలిపోవు కంపెనీయే. అనగా పోవువాని బండికి చీటి వ్రాయువాడు పోవలదను పక్షమువాడు! 2019నుండి ఆ పనిని మధ్యవర్తి సంస్థకు అప్పగించిరి; సర్కిలులోపలి మార్పునకు మూడు పనిదినముల గడువు పెట్టిరి. ఆ పిమ్మటకూడ ఒక చిక్కు మిగిలెను. చౌకరకపు రీచార్జీలలో సందేశము పంపు వసతియే లేదు. కనుక బీదవాడు పోదలచినను పోలేడు. 2021 డిసెంబరులో నియంత్రణ సంస్థయైన ట్రాయి, ఏ రీచార్జి చేసినవారికైనను ఈ సందేశము పంపు వీలు కల్పించవలెనని ఆదేశించెను.

తలుపు తెరచుకొనగానే బుజ్జగింపులు మొదలయ్యెను. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అని మనవారు ఊరకనే అనలేదు. సంకేతము కోరిన గంటలోనే పాతకంపెనీనుండి పిలుపు వచ్చును: ఉండుడు, మీకొక ప్రత్యేకమైన రేటు ఇత్తుము అని. క్రొత్తకంపెనీ మరియొకటి చూపును. అయితే ఎన్నడును పోవుదునని బెదిరింపక, ఏండ్ల తరబడి చెప్పిన మొత్తము చెల్లించువానికి ఈ రేటు తెలియనే తెలియదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అను సామెత ఇచ్చట వ్యాపారసూత్రమైనది. ఒకే విధమైన ఖాతాదారులకు వేరువేరు రేట్లు రహస్యముగా ఇచ్చుట న్యాయమా అని 2018లో ట్రాయి అడ్డుచెప్పగా, కంపెనీలు టెలికాం ట్రిబ్యునలునకు పోయి గెలిచెను. వివాదము సుప్రీం కోర్టుకు చేరెను. అట్టి ప్రత్యేకపు రేట్ల వివరములను ట్రాయికి తెలుపవలెనని 2020లో ఆ న్యాయస్థానము ఆదేశించెను.

ఉచితమునకు పరాకాష్ఠ 2016 సెప్టెంబరు 5న వచ్చెను. ఆ దినమున జియో సేవ ఆరంభమై, తొలుత డిసెంబరు కడవరకు, తరువాత 2017 మార్చి 31వరకు, మాటయు ఇంటర్నెట్టును ఉచితముగా నిచ్చెను. తమ కాల్స్ ఎదుటి కంపెనీలకు కలియుటలేదని జియో మొరపెట్టుకొనగా, 2016 అక్టోబరులో ట్రాయి మూడు పెద్ద కంపెనీలపై మొత్తము 3,050 కోట్ల రూపాయల జరిమానా సిఫారసు చేసెను. వర్తకుడు రెండు ఫోనులు పెట్టుకొన్న కాలపు తగవే మరల తలయెత్తినదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఉచితములో మనకు మేలు కలుగలేదని మేమనుటలేదు. పల్లెలోని విద్యార్థి చేతికి పాఠము వచ్చినది. దుబాయిలోని తండ్రి ముఖము ఇంటివారికి కనబడినది. కాని ఆ వరదకు నిలువలేని కంపెనీలు ఒకటొకటిగా కూలెను. అంతకుముందే 2012 ఫిబ్రవరి 2న సుప్రీం కోర్టు 122 లైసెన్సులను రద్దుచేసియుండెను. 2017 కడపట రిలయన్స్ కమ్యూనికేషన్స్ తన సెల్‌ఫోను సేవను మూసివేసెను. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీయగా, దాని ఖాతాదారులు నెంబరు కాపాడుకొనుటకు పరుగులు తీసిరి. టెలినార్, టాటాల ఖాతాదారులు ఎయిర్‌టెల్‌లో కలిసిరి. 2018 ఆగస్టు 31న వోడాఫోన్, ఐడియాలు ఏకమయ్యెను. అనేకులు పోటీపడిన బరిలో ఇప్పుడు నిలిచినవారు నలుగురు: జియో, ఎయిర్‌టెల్, వోడాఫోన్ ఐడియా, ప్రభుత్వపు బి.ఎస్.ఎన్.ఎల్.

తరువాతి కథ సామెతలోనే ఉన్నది. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య. దాటిన పిమ్మట బోడి మల్లయ్య. 2019 డిసెంబరులోను, 2021 నవంబరులోను, 2024 జూలైలోను ప్రైవేటు కంపెనీలు దాదాపు కలిసికట్టుగా రేట్లు పెంచెను. కడపటిసారి రేట్లు పెంచని బి.ఎస్.ఎన్.ఎల్. వైపునకు జనము కదలిరి. కాని కొన్ని నెలలకే, 2024 నవంబరునాటికి, ఆ వెల్లువ వెనుకకు తీసెను. ధర చౌకయైనను టవరు అందనిచో ఫోను పలుకదు కదా.

ఈ చరిత్రలో మాకు మిక్కిలి ఖేదము కలిగించు ఘట్టము వేరొకటి కలదు. 2005–06 ప్రాంతమున కంపెనీలు దాదాపు వేయి రూపాయలు తీసికొని, జీవితకాలము పిలుపులు అందుకొనవచ్చునని మాటయిచ్చి ఖాతాదారులను చేర్చుకొనెను. వృద్ధులు అనేకులు నమ్మి చేరిరి. వారు పిలుచువారు కారు, పిలుపుకొరకు వేచియుండువారు. 2018 కడపట కనీసపు రీచార్జి నియమము వచ్చినది: 28 దినములకు 35 రూపాయలు చెల్లించనిచో మొదట పోవు కాల్స్, పిమ్మట వచ్చు కాల్స్ ఆగిపోవును. ట్రాయి జోక్యము చేసికొని తొందరపడవలదని చెప్పినను నియమము నిలిచినది. జీవితము ముగియకముందే జీవితకాలము ముగిసినది. ఆ 35 రూపాయలు తరువాత అనేక రెట్లయ్యెను. ఇంటర్నెట్టు ఎరుగని ముదుసలికూడ ఇంటర్నెట్టుతో కలిపిన రీచార్జి కొనవలసివచ్చెను. 2024 డిసెంబరులో ట్రాయి, మాటలకు సందేశములకు మాత్రమే పరిమితమైన రీచార్జీలను విధిగా అమ్మవలెననియు, వాని గడువు 365 దినములవరకు ఉండవచ్చుననియు ఉత్తరువు చేసినది. ఇంటిలో పెద్దలున్నవారు ఈ సంగతిని గుర్తుంచుకొని అడిగి తీసికొనవలెను.

రేడియో గల ఇంటివారికి ఒక పోలిక చెప్పెదము. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసిననాటినుండి నేటివరకు, నచ్చనిచో ముల్లు త్రిప్పుట శ్రోత చేతిలోని పని. అందుకు ఆయన ఎవరి అనుమతియు కోరలేదు. ఆ స్వేచ్ఛయే మాటలాడువానిని ఒళ్లు దగ్గర పెట్టుకొని మాటలాడించినది. ఫోనులో ఆ ముల్లు మనచేతికి వచ్చుటకు 2011వరకు పట్టినది. అది నునుపుగా తిరుగుటకు మరి పదేండ్లు పట్టినది.

కావున బహుమానము చూపి పిలిచినప్పుడు మూడు సంగతులు విచారించుట మంచిది. ఈ రేటు ఎన్ని నెలలు? ఆపైన ఎంత? మన పెరటిలో, మన పొలముగట్టున, ఆ కంపెనీ టవరు అందునా? ఈ ప్రశ్నలకు సమాధానము గొడుగు క్రింది కుర్రవానికంటె ప్రక్కయింటివారు బాగుగ చెప్పగలరు. మారుటయే ఘనత కాదు; మారగలుగుట ఘనత. పోగలిగినవాడు ఉన్నప్పుడే ఉన్నవానికి మర్యాద దక్కును. నలుగురు కంపెనీలవారు ఇద్దరైననాడు ఆ 1900 నెంబరు ఉండియు లేనట్లే యగును. కనుక ఒక్క నెల చౌకకంటె, నాలుగు గడపలును తెరచియుండుటయే మనకు ఎక్కువ అవసరము.