గోటువాద్యము

నేటి పల్నాడు జిల్లాలోని అమరావతి శిల్పములందు గానవచ్చు విల్లువంటి వీణకు మెట్లు లేవు. ఒక్కొక్క తంత్రి యొక్కొక్క స్వరమునకే కట్టువడి యుండును. ఒకే తంత్రిపై నున్నని ముక్కను జార్చుచు స్వరమునుండి స్వరమునకు ఎడతెగక సాగు విద్య ఏకతంత్రీవీణది. ఆ జార్చెడు వెదురుముక్కను 13వ శతాబ్దియందు శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున ‘కమ్రిక’ యని పేర్కొనెను. ఎంత సొగసైన పేరో!

ఇట్లే ముక్కను జార్చి వాయించు వాద్యమునకు పేరైన ‘గోటువాద్య’ మను మాట 17వ శతాబ్దియందు తంజావూరేలిన రఘునాథనాయకుని తెలుగుకృతి ‘శృంగారసావిత్రి’లో గలదందురు. తెలుగు చెవికి గోటు అనగానే గోరు స్ఫురించుట సహజమే గాని, చేత బట్టి జార్చు కొయ్యముక్కయే దాని యర్థమని పెద్దలు చెప్పుదురు. ఈ వాద్యమునకే చిత్రవీణ యనియు పేరు.

హవాయి ద్వీపములనుండి వచ్చిన పద్ధతిలో గిటారును ఒడిలో వెల్లకిల నుంచి ఉక్కుకడ్డీతో వాయించుటయు ఈ తెగలోనిదే. నరసరావుపేటలోనో మాచర్లలోనో దీనిని నేర్వగోరు యువకులారా, ఖరీదైన వాద్యమునకై తొందరపడక, ఉన్న గిటారు తంత్రులనే మెట్లకు తగులనంత ఎత్తునకు లేపించుకొని, బరువైన నున్నని కడ్డీ నొకదానిని సంపాదింపుడు. కడ్డీని రెండు మెట్ల నడుమ గాక, సరిగా మెట్టుమీదనే నిలుపుడు.