గుఱ్ఱము లేని బండి

మ్యూనిక్ నగరమందలి జర్మన్ మ్యూజియము సొత్తులలో మూడు చక్రముల బండి ఒకటి కలదు. దానికి నొగలు లేవు. గుఱ్ఱమును కట్టు తావే లేదు. కార్ల్ బెంజ్ అను ఇంజనీరు మాన్‌హైమ్ పట్టణమున దీనిని 1885లో నిర్మించి, 1886 జనవరి 29న పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. ఇంజనుకు ఒకే సిలిండరు. దాని బలము ఒక్క గుఱ్ఱపు శక్తికైనను చాలదు. వేగము గంటకు సుమారు 16 కిలోమీటర్లు. పాత బండికి ఇంజను తగిలించుటతో తృప్తిపడక, చట్రమును ఇంజనును ఒక్కటిగా ఊహించుటయే బెంజ్ ప్రతిభ.

అయినను జనులకు నమ్మకము కుదురలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తతో చెప్పకయే, ఇద్దరు కుమారులతో మూడవ నమూనా బండినెక్కి, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున ఫోర్‌జ్‌హైమ్‌లో నున్న పుట్టింటికి బయలుదేరెను. త్రోవలో వీస్లోక్ పట్టణపు మందుల అంగడిలో ఇంధనము కొనెను. గొట్టము పూడుకొనగా టోపీసూదితో బాగుచేసెను. అరిగిన బ్రేకులకు చెప్పులు కుట్టువానిచే తోలు వేయించెను. ఎత్తు ఎక్కునపుడు బండిని నెట్టవలసి వచ్చెను. ఆ అనుభవమువలననే బెంజ్ పిదప మఱియొక గేరు చేర్చెను.

పేటెంటు పత్రముపై ఆమె పేరు లేదు. కాని 1871లో, పెండ్లికి ముందే, తన కట్నపు ధనముతో బెంజ్ కర్మశాలను నిలిపినది ఆమెయే. తొలి బండిని మరల కూర్చి, 1906లో మ్యూజియమునకు సమర్పించిరి. దానిని చూచువారు, నిర్మించిన చేతులతోపాటు, ఆ వాహనజాతిని తొలిసారి దూరప్రయాణమునకు నడిపిన స్త్రీని కూడ స్మరించుట న్యాయము.