టేబుల్ రంపాలు: రకాలు, తేడాలు
టేబుల్ రంపం అంటే బల్ల మధ్య సందులోంచి గుండ్రటి బ్లేడు పైకి తేలి తిరిగే కోత యంత్రం. ఎక్కువ వాటికి బ్లేడు వ్యాసం 10 అంగుళాలు. రకాల మధ్య తేడా ప్రధానంగా మోటారులోను, బరువులోను ఉంటుంది.

పనిచోటికి మోసుకెళ్లే జాబ్‌సైట్ రంపంలో యూనివర్సల్ మోటారు ఉంటుంది. తేలిక, చవక, మోత మాత్రం చెవులు చిల్లులు పడేలా. కాంట్రాక్టర్ రంపంలో ఇండక్షన్ మోటారు వెనకవైపు వేలాడుతూ బెల్టుతో బ్లేడును తిప్పుతుంది.

క్యాబినెట్ రంపానిది పోత ఇనుప బల్ల. 3 నుంచి 5 హార్స్‌పవర్ మోటారు కింది పెట్టెలోనే ఉంటుంది. అమెరికాలో 1939లో వచ్చిన డెల్టా యూనిసా ఈ కోవలో పేరుమోసింది. బరువు వల్ల అదురు తక్కువ, మందపాటి టేకు పలక కూడా తడబడకుండా తెగుతుంది. హైబ్రిడ్ రంపం కాంట్రాక్టర్, క్యాబినెట్ రంపాలు రెండింటికీ మధ్యస్థం.

ప్లైవుడ్ షీట్లకు తగినది స్లైడింగ్ ప్యానెల్ సా. జర్మనీలో విల్‌హెల్మ్ ఆల్టెన్‌డార్ఫ్ 1906లో దీనికి రూపమిచ్చారు. షీటు జారుడు బల్లతోపాటు కదులుతుంది. ముందుండే చిన్న స్కోరింగ్ బ్లేడు అడుగున సన్నటి గాడి పెడితే, ఆ గాడి వెంటే పెద్ద బ్లేడు కోస్తుంది. అందుకే లామినేట్ అంచు పెచ్చులు లేవదు.

ఏ రకమైనా బ్లేడు వెనక, కోత సందును తెరిచి ఉంచే రైవింగ్ నైఫ్ అనే రేకు ఉండాలి. అది లేక కోత సందు మూసుకుపోతే చెక్క మనిషి మీదికి ఎగిరొస్తుంది. సాస్టాప్ అనే కంపెనీ యంత్రాల్లో బ్లేడుకు వేలు తగిలితే అల్యూమినియం దిమ్మ పళ్లలోకి దూసుకెళ్లి, దాదాపు 5 మిల్లీసెకన్లలో బ్లేడును ఆపేస్తుంది.